ఎడమకి ఒరిగే టైగర్ మాత్: ఒక రిగ్గింగ్ కేసు

రిగ్గింగ్ అంటే రెక్కల్ని పట్టుకునే వైర్లు బిగించి వాటి కోణాలు సర్దే పని. ముందు కంప్లైంట్ ఏంటో చెప్పేస్తా. విమానం డీహెచ్ 82ఏ టైగర్ మాత్, బైప్లేన్ (పైనొక జత, కిందొక జత రెక్కలుండేది), 1941లో ఇంగ్లండ్‌లోని కౌలీలో మోరిస్ మోటార్స్ వాళ్ళు తయారుచేసింది. (అవును, కార్లు చేసే మోరిస్ వాళ్ళే, యుద్ధం టైంలో దీన్ని పుట్టించిన డీ హావిలాండ్ కంపెనీకి వేరే విమానాల పని ఎక్కువై దీన్ని మోరిస్‌కి అప్పగించారు.) మా దగ్గరకి రాకముందు వేరే చోట రెక్కలకి కొత్త బట్ట వేయించారు, పై రెక్కలో ఉండే పెట్రోల్ ట్యాంకు కారుతుంటే అదీ దింపి బాగుచేసి మళ్ళీ ఎక్కించారు. అప్పట్నుంచీ స్టిక్ (పైలట్ చేతిలో ఉండే కంట్రోల్ కర్ర) వదిలితే చాలు ఎడమ రెక్క మెల్లగా కిందకి దిగిపోతోంది. ఈ విమానంలో ముక్కుని పైకీ కిందకీ కదిపే ఎలివేటర్‌కి ఒక స్ప్రింగు ట్రిమ్ (చేత్తో పట్టుకోకుండానే కంట్రోల్‌ని నిలిపే ఏర్పాటు) తప్ప అటూ ఇటూ ఒరగడాన్ని సర్దే ట్రిమ్ ఏదీ లేదు, కాబట్టి ఎగిరినంతసేపూ స్టిక్ కుడివైపు పట్టుకునే ఉండాలి. అరగంటకే భుజం పట్టేస్తోంది అన్నాడు ఓనర్.

నా సంగతి ఒక్క ముక్కలో చెప్తా. హైదరాబాద్‌లో ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరింగ్) చదివి, జెట్ల మీద పన్నెండేళ్ళు చేసి, ఆ తర్వాత ఇంగ్లండ్‌లో పాత విమానాలు బాగుచేసే చిన్న వర్క్‌షాప్‌లో నాలుగేళ్ళు ఉన్నా. జెట్ల మీద ఏదైనా తేడా వస్తే మాన్యువల్ తెరిచి పార్ట్ మార్చేస్తాం. ఇక్కడ పార్టులన్నీ బాగానే ఉంటాయి, వాటి మధ్య కొలతలు బాగోవు. ఆ తేడా బుర్రకెక్కడానికి నాకు ఈ కేసు దాకా పట్టింది.

చూడగానే నాకు తట్టింది సింపుల్. ఎడమ రెక్క దిగుతోందంటే అటువైపు లిఫ్ట్ (రెక్కని పైకెత్తే గాలి బలం) తక్కువ, కాబట్టి వైర్లు కాస్త సర్ది ఎడమ రెక్క ఇన్సిడెన్స్ (రెక్కని బాడీకి బిగించిన కోణం) పెంచేస్తే అయిపోతుంది కదా అనుకుని స్పానర్ పట్టుకుని బయల్దేరా. మా దగ్గర రిగ్గింగ్ చేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు, డెబ్బై దాటినవాడు, ఆయన ఆపి ఏ వైరూ ముట్టుకోకు, ముందు పైలట్‌ని అడగాల్సినవి అడుగు అన్నాడు. ఏం అడగాలో నాకు తెలీదు. ఆయనే అడిగాడు, రెండే ప్రశ్నలు. స్పీడు పెంచితే ఒరగడం పెరుగుతుందా తగ్గుతుందా? స్లాట్లు (పై రెక్కల ముందు అంచున, వేగం తగ్గితే తెరుచుకునే పట్టీలు) లాక్ చేసి స్టాల్ చేస్తే, అంటే రెక్కలు లిఫ్ట్ కోల్పోయేదాకా వేగం తగ్గిస్తే, ఏ రెక్క పడుతుంది?

మొదటిదానికి జవాబు, స్పీడు పెరిగేకొద్దీ స్టిక్ ఇంకా గట్టిగా పట్టుకోవాల్సొస్తోంది. రెండోదానికి ఓనర్ దగ్గర జవాబు లేదు, మర్నాడు మా టెస్ట్ పైలట్ తీసుకెళ్ళి చూసొచ్చాడు: స్టాల్‌లో పడేది కుడి రెక్క.

ఇక్కడ ఆగి ఆలోచించండి, నాకు ఈ కేసులో బాగా నచ్చిన భాగం ఇదే. ఎడమవైపు ఏదో బరువుండి ఒరుగుతుంటే స్పీడు పెరిగేకొద్దీ ఆ ఇబ్బంది తగ్గాలి, ఎందుకంటే బరువు ఉన్నదంతే ఉంటుంది, ఎయిలరాన్లకి (విమానాన్ని అటూ ఇటూ ఒరిగించే, రెక్క వెనక అంచు పలకలకి) బలం మాత్రం పెరుగుతుంది. మనకి పెరుగుతోందంటే తేడా బరువులో లేదు, రెక్కల ఆకారంలో ఉంది. ఇంధనం ట్యాంకు ఎలాగూ సరిగ్గా మధ్యలో పై రెక్కలో ఉంటుంది, 19 గ్యాలన్లది, కాబట్టి అటు అనుమానమే లేదు. (ఆయిల్ ట్యాంకు మాత్రం ఎడమవైపు బయట వేలాడుతుంది, నేను మొదట దాన్నే అనుమానించా, పెద్దాయన నవ్వాడు.) ఇక క్రూజ్‌లో (మామూలుగా నేరుగా ఎగిరేటప్పుడు) ఎడమ దిగి, స్టాల్‌లో కుడి పడటం అంటే కుడి రెక్క ఎక్కువ కోణంలో ఉందన్నమాట, ఎక్కువ లిఫ్ట్ ఇస్తుంది, అందుకే ముందు స్టాల్ అయ్యేదీ అదే. అంటే తప్పు ఎడమదా కుడిదా అన్నది ఇంకా తేలలేదు, రెండిటికీ పొంతన లేదన్నది మాత్రం తేలింది. నేను స్పానర్‌తో వెళ్ళి ఎడమది పెంచేసి ఉంటే కంప్లైంట్ పోయేది, విమానం వంకర మాత్రం అలాగే ఉండిపోయేది.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్ళాలి, ఈ విమానం ఎలా పుట్టిందో తెలీకపోతే తర్వాత మేం ఏం కొలిచామో ఎందుకు కొలిచామో అర్థం కాదు.

డీ హావిలాండ్ వాళ్ళ డీహెచ్ 60 మాత్ 1925 ఫిబ్రవరిలో మొదటిసారి ఎగిరింది, లండన్ పక్కన స్టాగ్ లేన్‌లో, నడిపింది జెఫ్రీ డీ హావిలాండే. ఫ్లయింగ్ క్లబ్బులకి, సొంతంగా విమానం కొనుక్కునేవాళ్ళకి సరిపోయే చిన్న, చవక విమానం, బాగా అమ్ముడుపోయింది. 1930ల మొదట్లో బ్రిటిష్ వాయుసేనకి కొత్త ట్రైనర్ కావాల్సొచ్చింది. మాత్ బాగానే ఉంది కానీ ఒక్క చిక్కు: ముందు సీటు. ట్రైనింగ్‌లో ముందు కూర్చునేది ఇన్‌స్ట్రక్టర్, స్టూడెంట్ వెనక. ఆ ముందు సీటుకి సరిగ్గా నెత్తిమీద పై రెక్క మధ్యభాగం, అందులో పెట్రోల్ ట్యాంకు, చుట్టూ దాన్ని మోసే స్ట్రట్లూ (నిలబెట్టే కడ్డీలు) వైర్లూ. వీపుకో పిరుదుల కిందో పారాచూట్ కట్టుకున్న మనిషి గాల్లో ఆ సందులోంచి బయటపడటం కష్టం. ఎయిర్ ఫోర్స్ వాళ్ళు అది కుదరదన్నారు.

దానికి డీ హావిలాండ్ వాళ్ళు చేసిన పని వినడానికి చిన్నదే, పై రెక్క మధ్యభాగాన్ని ముందుకి జరిపారు. కానీ రెక్క ముందుకి జరిగితే లిఫ్ట్ కూడా దాంతోపాటు ముందుకి జరుగుతుంది, విమానం బరువు మధ్యబిందువు మాత్రం ఉన్నచోటే ఉంటుంది, తోక బరువైపోతుంది. అందుకని రెక్కల చివర్లని వెనక్కి వంచారు, లిఫ్ట్ మళ్ళీ పాత చోటుకి రావడానికి. చివర్లు వెనక్కి వెళ్ళాయా, ఇది తోక నేలకి ఆనించి కూర్చునే విమానం కదా, వెనక్కి వెళ్ళిన కింది రెక్క చివర నేలకి దగ్గరైపోయింది. అందుకని కింది రెక్కలకి పైకి ఎత్తు పెంచారు, పైవాటికంటే కిందవాటికి డైహెడ్రల్ (చివర్లు పైకి లేచే కోణం) ఎక్కువ. పక్కనుంచి టైగర్ మాత్‌ని చూస్తే ఏదో గాలికి వెనక్కి వాలినట్టుంటుంది కదా, ఆ అందం అంతా పారాచూట్ వల్ల వచ్చిందే. ఎవరూ డ్రాయింగ్ బోర్డు మీద ఇలా ఉండాలని గీసింది కాదు, షెడ్డులో జరిపి చూసి, మళ్ళీ జరిపి చూసి సెట్ చేశారని చెప్పుకుంటారు, విమానాన్ని చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

1931 అక్టోబర్ 26న స్టాగ్ లేన్‌లో కంపెనీ టెస్ట్ పైలట్ హ్యూబర్ట్ బ్రాడ్ దీన్ని మొదటిసారి ఎగరేశాడు. 1932లో ఎయిర్ ఫోర్స్ చేతికొచ్చింది. మొదట 120 హార్స్‌పవర్ జిప్సీ 3 ఇంజన్, తర్వాత 130 హార్స్‌పవర్ జిప్సీ మేజర్. నాలుగు సిలిండర్లు తలకిందులుగా వేలాడతాయి, క్రాంక్ షాఫ్ట్ పైన ఉంటుంది, దానివల్ల ముక్కు ముందుకి వాలి పైలట్‌కి ముందు కాస్త కనిపిస్తుంది. ఖాళీగా 1,115 పౌండ్లు, అంటే 500 కిలోలు చిల్లర. రెక్కల పొడవు 29 అడుగుల 4 అంగుళాలు. ఫ్యూజ్‌లాజ్ (విమానం బాడీ) స్టీల్ ట్యూబులు, రెక్కలు చెక్క, పైన లినెన్ బట్ట, దాని మీద డోప్ అనే బట్టని బిగించే పూత. బ్రేకులు లేవు. ఇంటర్‌కామ్ అంటే ఒక గొట్టం, ఇన్‌స్ట్రక్టర్ గొట్టంలో అరుస్తాడు, స్టూడెంట్ చెవుల్లో మోగుతుంది, అంతే. అన్ని దేశాల్లో కలిపి 8,800 పైనే చేశారు.

మన ఊరి సంగతి కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో మన ఎయిర్ ఫోర్స్ కుర్రాళ్ళకి మొదటి ఫ్లయింగ్ నేర్పిన 1వ ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్ ఉన్నది బేగంపేటలోనే, నేర్పింది టైగర్ మాత్‌ల మీదే. రెండోది జోధ్‌పూర్‌లో. తర్వాత 1950ల్లో బెంగుళూరు హెచ్‌ఏఎల్ వాళ్ళ హెచ్‌టీ-2 వచ్చి దీని స్థానం తీసుకుంది. నేను చదువుకునే రోజుల్లో ఆ రన్‌వే గోడ పక్కనుంచి రోజూ బస్సులో పోయేవాణ్ణి, గోడ లోపల ఒకప్పుడు ఈ బట్టరెక్కల విమానాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా దిగుతూ ఎగురుతూ ఉండేవని ఎవ్వరూ చెప్పలేదు, కాలేజీలో సార్లు కూడా. ఇంగ్లండ్ వెళ్ళాక తెలిసింది.

సరే కేసులోకి వద్దాం. ఇందాక చెప్పిన వరస గుర్తుపెట్టుకోండి: మధ్యభాగం జరిగింది కాబట్టి రెక్క వంగింది, రెక్క వంగింది కాబట్టి కిందిది లేచింది. అంటే ఈ విమానంలో ప్రతి కోణమూ అంతకుముందున్న కోణం మీద ఆధారపడి ఉంది, అన్నిటికీ మొదలు ఆ మధ్యభాగం, సెంటర్ సెక్షన్. పెద్దాయన కొలవడం అక్కణ్ణుంచే మొదలెట్టాడు. నేనైతే రెక్క చివర్నుంచి మొదలెట్టేవాణ్ణి.

నులకమంచం అల్లేవాళ్ళని చూసే ఉంటారు. మంచం కోడు ఒకటి ఒరిగి ఉంటే నులక ఎంత బిగించినా మంచం నిలవదు, పైగా బిగించేకొద్దీ పట్టెలు ఇంకా వంకరపోతాయి, కూర్చుంటే కిర్రుమంటుంది. ముందు కోళ్ళు నిలబెట్టాలి, తర్వాతే నులక. బైప్లేన్ కూడా అచ్చం అంతే, స్ట్రట్లు కోళ్ళు, వైర్లు నులక. పెద్దాయనకి ఇది చెప్తే అర్థం కాలేదు, ఫోన్‌లో ఫొటో చూపిస్తే తెగ సంబరపడ్డాడు.

ముందు విమానాన్ని తోక ఎత్తి స్టాండు మీద పెట్టి, పొడుగ్గానూ అడ్డంగానూ రసమట్టం పెట్టి లెవెల్ చేశాం. దీనికే సగం పూట పట్టింది, హ్యాంగర్ తలుపులు మూసేశాం, గాలి తగిలితే కొలత నిలవదు. తర్వాత సెంటర్ సెక్షన్ రెండువైపుల నుంచీ తూకం గుండ్లు వేలాడదీశాం, మేస్త్రీలు గోడకి పట్టుకునేవే, కాకపోతే దారం ఊగకుండా గుండు నూనె డబ్బాలో ముంచుతాం. ఫ్యూజ్‌లాజ్ మధ్యగీతకి ఎడమ దారం ఎంత దూరం, కుడి దారం ఎంత దూరం కొలిస్తే తేడా వచ్చేసింది. సెంటర్ సెక్షన్ మొత్తం ఎడమకి 6 మిల్లీమీటర్లు ఒరిగి ఉంది.

ఆరు మిల్లీమీటర్లేగా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ తర్వాత రెక్కలు కొలిస్తే మొత్తం కథ బయటపడింది. డైహెడ్రల్ రెండువైపులా సమానంగా ఉంది, చక్కగా. అదే అనుమానం. మధ్యభాగం ఒరిగాక కూడా డైహెడ్రల్ సమానంగా ఉందంటే ఎవరో వైర్లతో లాగి సమానం చేశారన్నమాట. ట్యాంకు దింపి ఎక్కించినప్పుడు ముందు స్ట్రట్ల మధ్య క్రాస్ వైర్లు విప్పి ఉంటారు, తిరిగి బిగించినప్పుడు చదరం చూడలేదు, తర్వాత రెక్కలు ఎక్కించి, డైహెడ్రల్ బోర్డు పెట్టి, అది మాత్రం కొలతకి తెచ్చేశారు. డైహెడ్రల్ వచ్చింది, దానికి బదులుగా ఇన్సిడెన్స్ పోయింది: ఎడమ రెక్క చివర కుడిదానికంటే అర డిగ్రీ తక్కువ. అది చేసినవాళ్ళు పనిదొంగలేం కాదు, బట్ట కుట్టు ఎంత నీటుగా ఉందో చెప్పలేను, వరసలో పని చేయలేదు అంతే.

ఎయిలరాన్లు కూడా చూశాం, నిజానికి ముందు అవే చూడాలి, సులువు కాబట్టి. టైగర్ మాత్‌కి ఎయిలరాన్లు కింది రెక్కలకే ఉంటాయి, పైవాటికి లేవు. పైగా డిఫరెన్షియల్ ఎక్కువ, పైకి లేచేది బాగా లేస్తుంది, కిందకి దిగాల్సింది దాదాపు కదలదు. కిందకి దిగే ఎయిలరాన్ డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) పెంచి ముక్కుని తప్పు దిక్కుకి లాగకూడదని ఆ ఏర్పాటు. అయినా లాగుతుంది, రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే తోక పలక) కొట్టకుండా స్టిక్ ఒక్కటే తిప్పితే ఈ విమానం సిగ్గులేకుండా పక్కకి జారుతుంది. దీన్ని నడపడం సులువు, బాగా నడపడం కష్టం అంటారు పైలట్లు, ట్రైనర్‌కి అది తిట్టు కాదు, పొగడ్త. మన దాంట్లో రెండు ఎయిలరాన్ల డ్రూప్ (స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు కిందకి వాలి ఉండే కొలత) సమానమే. స్లాట్లు కూడా రెండూ సరిగ్గా మూసుకుంటున్నాయి.

ఇక బాగుచేయడం. అన్ని రెక్క వైర్లూ వదులుచేసి, సెంటర్ సెక్షన్ చదరానికి తెచ్చి లాక్ చేశాం. ఆ తర్వాత లాండింగ్ వైర్లతో (నేల మీద రెక్కల బరువు మోసేవి) డైహెడ్రల్, ఆ తర్వాత స్టాగర్ (పై రెక్క కిందిదానికంటే ఎంత ముందుందో ఆ కొలత), ఆ తర్వాత ఇన్సిడెన్స్, చివరికి ఫ్లయింగ్ వైర్లు (గాల్లో లిఫ్ట్‌ని మోసేవి). ఈ వైర్లు గుండ్రంగా ఉండవు, గాలి కోయడానికి ఆకులాగా పల్చగా ఉంటాయి, ఒక చివర కుడి మర, ఇంకో చివర ఎడమ మర, వైర్‌నే తిప్పితే బిగుస్తుంది. తిప్పడం అయ్యాక ఆకు అంచు గాలికి ఎదురుగా వచ్చేలా ఆపాలి, అర చుట్టు ఇటో అటో రాజీ పడాలి. ఒక వైర్ కొలతకి తెస్తే ఇంకోటి పోతుంది, మళ్ళీ మొదటికి. రెండు రోజులు నేను తిప్పుతుంటే ఆయన కుర్చీలో కూర్చుని టీ తాగుతూ వైర్ మీటితే వచ్చే చప్పుడు విని చాలు, ఎక్కువైంది అనేవాడు.

కేసు ఇక్కడితో అయిపోవాలి, కానీ అవలేదు. వైర్లు వదులుగా ఉన్నప్పుడే మిగతావీ చూసేద్దాం అని లాగ్‌బుక్కులు తిరగేస్తే లాటరల్ టై రాడ్లు దగ్గర ఆగిపోయా. ఎడమ కుడి కింది రెక్కల మొదళ్ళని ఫ్యూజ్‌లాజ్ అడుగున కలిపి పట్టుకునే స్టీలు కడ్డీలివి, ముందొకటి వెనకొకటి. ఎగిరేటప్పుడు రెక్కల నుంచి వచ్చే లోడు వీటి మీదుగా పోతుంది. డీ హావిలాండ్ టెక్నికల్ న్యూస్ షీట్ ప్రకారం వీటి ఆయుష్షు 2,000 గంటలు లేదా 18 ఏళ్ళు, ఏది ముందైతే అది. మన విమానంలో ఎగిరింది కొన్ని వందల గంటలే, అందుకని అందరూ నిశ్చింతగా ఉన్నారు. తేదీ చూస్తే 18 ఏళ్ళు దాటి రెండేళ్ళు. గంటలు చూసినవాళ్ళు సంవత్సరాలు చూడలేదు.

విప్పితే ఒకదాని మరల్లో నట్టు కింద తుప్పు గుంటలు. పగులు లేదు, ఉందని చెప్పి కథ రక్తి కట్టించను. ఎడమకి ఒరగడానికీ దీనికీ సంబంధం కూడా ఏమీ లేదు. కానీ 2013 డిసెంబర్‌లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో సౌత్ స్ట్రాడ్‌బ్రోక్ ద్వీపం పక్కన ఒక టైగర్ మాత్ ఏరోబాటిక్స్ (గాల్లో పల్టీలు) చేస్తుండగా ఎడమ రెక్కలు విడిపోయి పైలటూ ప్యాసింజరూ ఇద్దరూ పోయారు. దర్యాప్తులో తేలింది, రెండు టై రాడ్లూ మరల దగ్గర ఫెటీగ్‌తో (పదేపదే లోడు పడి లోహం అలిసిపోయి) విరిగిపోయి ఉన్నాయి. అవి అసలు కంపెనీవి కూడా కాదు, అక్కడే అప్రూవల్ తీసుకుని చేసినవి, 2,000 గంటలు కూడా నిండలేదు. పైనుంచి చూస్తే కనిపించని చోట, మర లోపల మొదలయ్యే పగులు అది. అందుకే ఓనర్ ఈ సీజన్‌కి ఇలాగే ఎగురుతా, చలికాలంలో మారుద్దాం అన్నప్పుడు పెద్దాయన టీ కప్పు కింద పెట్టేసి, అయితే ఇంకో వర్క్‌షాప్ చూసుకో నాయనా అన్నంత పని చేశాడు. కాగితాలు సరిగ్గా ఉన్న కడ్డీలు తెప్పించడానికి ఆరు వారాలు పట్టింది, ఓనర్ ఆరు వారాలూ మొహం ముడుచుకునే ఉన్నాడు.

ఇంకోటి కూడా చూశాం, తోక ముందు ఫ్యూజ్‌లాజ్ మీద పల్చటి పట్టీల్లాంటి స్ట్రేకులు. 1930ల విమానాలకి ఇవి లేవు. యుద్ధంలో దీనికి బాంబు ర్యాకులు కూడా తగిలించారు పాపం, జర్మన్లు దిగితే ట్రైనర్లు కూడా ఎగరాలని, అలా బరువులు చేరాక స్పిన్ (గింగిరాలు తిరుగుతూ పడిపోవడం) నుంచి బయటపడటం ఆలస్యమవుతోందని గొడవైతే పరీక్షలు చేసి ఈ స్ట్రేకులు పెట్టారు, ఎయిలరాన్ల మాస్ బ్యాలెన్సులు (సమతూకం కోసం పెట్టిన బరువులు) తీసేశారు. మన దాంట్లో స్ట్రేకులు ఉన్నాయి, బాగున్నాయి.

టెస్ట్ ఫ్లైట్ ఒక పొద్దున గాలి లేనప్పుడు. ప్రొపెల్లర్ నేనే తిప్పా, ఈ పని ఇప్పటికీ భయమే నాకు, చేత్తో తిప్పి వెనక్కి గెంతాలి. నలభై నిమిషాల తర్వాత దిగాక పైలట్ రెండు చేతులూ పైకెత్తి చూపించాడు, స్టిక్ వదిలేసి ఎగిరానని. స్టాల్‌లో నేరుగా ముక్కు వాలుతోంది, ఏ రెక్కా పడట్లేదు. ఇంజన్ పవర్ పూర్తిగా పెడితే కొంచెం కుడికి లాగుతోంది అన్నాడు, అది రిగ్గింగ్ కాదు, జిప్సీ ఇంజన్ తిరిగే దిక్కు వల్ల అలాగే లాగుతుంది, పాదంతో చూసుకోవాల్సిందే.

ఐదు గంటలు ఎగిరాక మళ్ళీ రమ్మన్నాం. ఎడమ లాండింగ్ వైర్ ఒకటి అర చుట్టు వదులైంది, కొత్తగా రిగ్ చేశాక ఆ మాత్రం సర్దుకోవడం మామూలే, బిగించి, సెంటర్ సెక్షన్ మళ్ళీ కొలిచాం, కదల్లేదు. లాగ్‌బుక్‌లో టై రాడ్ల ఎదురుగా గంటలతోపాటు సంవత్సరం కూడా రాసి, పెద్దాయన దాని కింద ఎర్ర ఇంకుతో రెండు గీతలు కొట్టాడు.